ఏడడుగుల బాల్కనీ, మూడడుగుల రింగు

2వ తేదీ, సోమవారం

రేడియోలో చుక్కలూ గీతలుగా మాటలు పంపే మోర్స్ కీ కొట్టడం నాకు ఇష్టమై నేర్చుకున్నానా, నేర్పింది మామయ్య కాబట్టి కాదనలేక నేర్చుకున్నానా? పదమూడో ఏట మొదలైన ప్రశ్న ఇది. ఇప్పుడు నాకు నలభై ఆరు. ఎం.ఏ. చదివాను. కాలేజీ లైబ్రరీలో పదిహేడు వేల పుస్తకాల్లో ఏది ఏ అరలో ఉండాలో తేల్చేది నేనే. ఈ ఒక్కదాన్ని ఏ అరలో పెట్టాలో మాత్రం తెలియదు.

కొత్త ఫ్లాట్‌లో సామాను సర్దుతుంటే ఆంటెనా తీగ చుట్ట బయటపడింది. ముప్పై మూడు అడుగులు. పాత ఇంట్లో డాబా మీద నీళ్ళ ట్యాంకు నుంచి వెదురు గడ దాకా దర్జాగా సాగి ఉండేది. ఇక్కడ రెండు గదులు, వంటిల్లు, ఏడడుగుల పొడవూ మూడున్నర అడుగుల వెడల్పూ ఉన్న బాల్కనీ. అందులోనే వాషింగ్ మెషీన్, బట్టల దండెం. మాది మూడో అంతస్తు. డాబా తాళం కిందింటావిడ దగ్గర ఉంటుంది. ఇల్లు ఆవిడదే.

మా ఆయన చుట్టను చూసి నవ్వారు. "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని పెద్దలు ఊరికే అన్లేదు. బట్టలారేసుకోడానికే చోటు లేదు, నువ్వు తీగలు ఆరేస్తావా?"

"మర్కటాన్నే అయితే గోడెక్కి నేనే కట్టేసేదాన్ని లెండి. మిమ్మల్ని అడగడమెందుకు?"

మామయ్యకు మెసేజ్ పెట్టాను: ఇల్లు మారాం, ఆంటెనా కుదరలేదు, కాస్త టైం పడుతుంది. బొటనవేలు బొమ్మ వచ్చింది. ఫోన్లో మామయ్య అంతే. వట్టి బొటనవేలు మనిషి.

4వ తేదీ, బుధవారం

కిందింటావిడను డాబా అడిగాను.

"ఏమ్మా, పిడుగు పడితే?"

"పిడుగు తీగను చూసి పడదు ఆంటీ."

"పిడుక్కి నువ్వు చెప్పొచ్చావా? గోడ బయటికి మేకు కూడా కనపడ్డానికి వీల్లేదు. ఇవాళ నువ్వు తీగ అంటావు, రేపు పక్కవాళ్ళు ఇంకోటంటారు, ఎల్లుండి నాలుగో అంతస్తువాళ్ళు ఆవుని కట్టేసుకుంటామంటారు. నేనేమైనా సత్రం నడుపుతున్నానా?"

అసలు కారణం చెప్పి ఉంటే మెత్తబడేదేమో. మా మామయ్యకు పోయినేడు గొంతు పెట్టె తీసేశారు ఆంటీ, మాట లేదు, ఇంట్లో పలక మీద రాస్తాడు, అత్తయ్య కళ్ళజోడు వెతుక్కుని చదివేలోపు ఆ జోకు చచ్చిపోతుంది, రోజూ సాయంత్రం ఐదున్నరకి రేడియోలో కీ మీద నాతో అరగంట మాట్లాడతాడు, ఆ అరగంట ఆయన ఆయనగా ఉంటాడు... ఇంత చెప్పాలి. నోట్లోంచి వచ్చింది "సరే ఆంటీ" మాత్రమే.

కీ మీద కూడా మనిషికి గొంతు ఉంటుంది. చుక్కలూ గీతలే, ఎవరు కొట్టినా అవే. కానీ మామయ్య చెయ్యి పడితే మాటలో చివరి గీత కొంచెం సాగుతుంది, కుర్చీలో వెనక్కి వాలినట్టు. వెయ్యి మందిలో పట్టగలను. చిన్నప్పుడు నేను చుక్కలు తొందర తొందరగా కొట్టేసేదాన్నని నాకు 'చుక్క' అని పేరు పెట్టాడు. ఇంట్లో వాళ్ళకి నా అసలు పేరు ఉంది. మామయ్యకు లేదు.

5వ తేదీ, గురువారం

వినపడ్డాడు!

కర్టెన్ కమ్మీకి నాలుగు మూరల తీగ చుట్టి, నా బుల్లి రేడియో సెట్టుకు తగిలించి ఊరికే చూద్దామనుకున్నాను. ఒకటే రొద. ఫ్రిజ్ మోటారు, బల్బులు, పక్కింటివాళ్ళ చార్జర్లు, అన్నీ కలిసి రేకు మీద వాన. మెయిన్ స్విచ్ దించేశాను. సెట్టు ఎలాగూ బ్యాటరీదే. రొద సగం తగ్గింది. అడుగున, సన్నగా, సాగిన గీత.

చుక్కా, చుక్కా, చుక్కా.

జవాబు కొట్టాను. వినలేదు. మళ్ళీ కొట్టాను. మామయ్య చెప్పేవాడు: చెవికి ఎంత తీగైనా చాలు, నోటికే కొలత కావాలి. ఆయనది వంద వాట్ల సెట్టు, డాబా మీద పూర్తి తీగ. నాది ఐదు వాట్లు, కర్టెన్ కమ్మీ.

ఐదు నిమిషాలు పిలిచి ఆగిపోతాడనుకున్నాను. ఆగలేదు. "నువ్వు లేవని తెలుసు. అలవాటు కొద్దీ కూర్చున్నా. చెవిటివాడి ముందు శంఖం. సరే, ఊదుతా," అని మొదలుపెట్టాడు. ఆకాశంలో ఎవరైనా వినొచ్చు, నిజమే. కానీ మాది ముప్పై మూడేళ్ళుగా అరిగి అరిగి పొట్టిదైపోయిన భాష. ఇంకెవరికీ అర్థం కాదు.

"అత్తయ్య ఈ రోజు పలక కడిగేసింది. దాని మీద ఆవిడ మీద రాసిన తిట్టు ఉంది. మళ్ళీ రాయాలి. మొదటిసారి రాసినంత బాగా రాదు."

ఒక్కదాన్నే నవ్వాను. మా అమ్మాయి చదువుకునే గదిలోంచి, "అమ్మా! కరెంటు నువ్వే తీశావా? నాకు పరీక్షలు. మీ మామయ్యకి చెప్పు, మనింట్లో సూర్యుడు కూడా ఆయన పర్మిషన్‌తోనే వస్తాడా అని!"

వింటున్నానని మెసేజ్ పెట్టాలి. రేపు పెడతాను.

6వ తేదీ

పెట్టలేదు. జవాబివ్వలేనప్పుడు వింటున్నానని చెప్పి ఏం లాభం? ఆంటెనా కుదిరాక ఒకేసారి చెప్పి ఆశ్చర్యపరుస్తాను.

9వ తేదీ, సోమవారం

ఇవాళ మామయ్య చేతిలో ఏదో తేడా. జోకుల్లేవు. నెమ్మదిగా కొట్టాడు.

"నీకు వినపడదు కాబట్టి చెప్తున్నా. అత్తయ్యను పేరు పెట్టి పిలిచి ఏడాది అయింది. మధ్యాహ్నం అది కునుకు తీస్తుంటే పక్కన కూర్చుని పెదాలతో పిలుస్తాను. పలకదు. ఎలా పలుకుతుంది, పిచ్చిది. అయినా పిలుస్తాను."

తర్వాత సెట్టులో ఆ రేకు మీది వాన రొద. ఆ తర్వాత, "సరే, ఉంటా," అన్నాడు.

ముప్పై మూడేళ్ళలో మామయ్య నాతో ఇలా ఒక్క మాట మాట్లాడలేదు. నేనున్నానని తెలిస్తే మాట్లాడడు.

ఆంటెనా పని మొదలుపెట్టాలి. కాలేజీలో జాబితాల పని ఎక్కువగా ఉంది.

10వ తేదీ

ఇవాళ కుదరలేదు. (వినడం కుదిరింది.)

13వ తేదీ, శుక్రవారం

కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని.

డాక్టరు మామయ్య గొంతులో చిన్న మర ఒకటి పెడితే మళ్ళీ మాట వస్తుందన్నాడట. బొంగురుగా ఉంటుంది, కానీ మాటే. ఈ నెల ఇరవై ఆరు, గురువారం రమ్మన్నాడట, కొలతలకు. ఆ చీటీ మామయ్య సెట్టు కింద సొరుగులో పెట్టేశాడు. ఇంట్లో మాత్రం "ఇంక చేసేదేం లేదన్నాడు" అని పలక మీద రాశాడు. అత్తయ్య ఏడ్చి ఊరుకుంది.

ఎందుకు? అదీ చెప్పాడు.

"గొంతు ఉన్నన్నాళ్ళూ నా మాట ఎవరు విన్నారు? నేను మొదలుపెట్టగానే అందరికీ పనులు గుర్తొచ్చేవి. గొంతు పోయాక చుక్క రోజూ అరగంట కూర్చుని విన్నది. మళ్ళీ గొంతొస్తే ఫోన్ చేస్తుంది. బాగున్నావా, మందులేసుకున్నావా, ఉంటా మామయ్యా. అంతే. ఫోన్లో మాకు అర నిమిషం మించి మాటల్లేవు. నాకు మర వద్దు. ఆంటెనా కుదిరేదాకా ఆగుతా."

నాకు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది, అది నిజం కాబట్టి.

అంటే నేను ఆంటెనా పెట్టి పలికితే ఆయన మాట వద్దంటాడు. పెట్టకపోతే? ఇలాగే కాచుకుని కూర్చుంటాడు.

14వ తేదీ, శనివారం

సెలవు. బుద్ధిగా కూర్చుని ఆంటెనాల సంగతి తేల్చాను. పూర్తి తీగ ఎలాగూ వీల్లేదు. గది లోపల గోడల చుట్టూ తిప్పితే ఇంట్లో కరెంటు రొదంతా అందులోకే. బాల్కనీ కటకటాలకు బిగించే రాడ్డు ఉంది, ఆరడుగులు, అడుగున తీగ చుట్టలు. మంచిదే, కానీ బయటికి పొడుచుకొస్తుంది, కిందింటావిడ కళ్ళలోనే పొడుచుకుంటుంది. ఇక మిగిలింది రింగు. రాగి గొట్టాన్ని మూడడుగుల చక్రంలా వంచి, పైన ట్యూన్ చేసే గుండీ పెట్టి, స్టాండు మీద నిలబెట్టడమే. బాల్కనీ గీత దాటదు. బయటి నుంచి చూస్తే ఏదో వ్యాయామం సామాను అనుకుంటారు.

ఏసీ మెకానిక్ దగ్గర గొట్టం తెచ్చాను.

"ఇంత చిన్న ముక్కతో ఏ ఏసీ నడుస్తుందక్కా?"

"ఏసీకి కాదు, మా మామయ్యతో మాట్లాడ్డానికి."

ఒక క్షణం నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "ఫోన్ బాగోలేదా అక్కా?" అన్నాడు, చాలా మర్యాదగా.

15వ తేదీ, ఆదివారం

రింగు నిలబెట్టాం. నేను గొట్టం వంచుతుంటే ఆయన పట్టుకున్నారు. "పాతికేళ్ళ కాపురంలో మొదటిసారి నాకు చక్రం అడ్డం వేశావు," అన్నారు. కానీ చెమటలు కారుతున్నా వదల్లేదు. గుండీకి చెయ్యి దగ్గరికొస్తే ట్యూనింగు మారిపోతోందని చెక్క స్కేలు కట్టి కర్ర చేసింది ఆయనే.

మా బాల్కనీ ఉత్తరం వైపు. మామయ్య ఊరు కూడా నేరుగా ఉత్తరానే, రెండు రాత్రుల రైలు. కటకటాల పొడవునా, మొహం మామయ్య వైపు తిప్పి రింగును నిలబెట్టాను. అద్దం పెట్టినట్టు చక్కగా అమరింది. మెషీను దగ్గరికి దారి కూడా ఉంది.

ఐదున్నరకి రెండుసార్లు 'ఉన్నా' అని కొట్టాను. జవాబు లేదు.

కర్టెన్ తీగకు మార్చుకుని విన్నాను.

17వ తేదీ

రింగు కుదరలేదు.

18వ తేదీ, బుధవారం

మామయ్యకు భయమట. నొప్పంటే కాదు. కొత్త గొంతుతో మొదటి మాట మాట్లాడగానే అత్తయ్య మొహంలో ఏం కనపడుతుందోనని. "అది దాచలేదు. దాని మొహం గాజు సీసా." గొంతు ఉన్న రోజుల్లో ఇది ఎవరితో అనగలిగేవాడు?

ఐదున్నర కోసం కాలేజీ నుంచి ఆటోలో వస్తున్నాను. ఇదివరకు బస్సులోనే వచ్చేదాన్ని.

19వ తేదీ

రింగు కుదరలేదు. రాగి మంచిది కాదేమో.

20వ తేదీ, శుక్రవారం

ఆయన టీ తాగుతూ, "ఏమంటున్నాడు మీ మామయ్య?" అని అడిగారు.

"జవాబివ్వలేకపోతున్నా కదండీ."

"అది అడగలేదు నేను. రోజూ కళ్ళు తుడుచుకుంటూ లేస్తున్నావు, ఏమంటున్నాడని."

బట్టలు తీయడానికి వెళ్ళాను. ఆరలేదు. అయినా తీశాను.

22వ తేదీ, ఆదివారం

మా అమ్మాయికి భౌతికశాస్త్రం పరీక్ష రేపు. పుస్తకం పట్టుకుని బాల్కనీలో తిరుగుతూ రింగు ముందు ఆగింది. చాలాసేపు చూసింది.

"అమ్మా, దీనికి మొహం వైపు వినపడదు కదా? అంచు వైపే కదా చెవులు?"

"ఏంటీ?"

"చక్రానికి ఎదురుగా నిలబడితే చెవిటిది. పక్క నుంచి అయితే వింటుంది. నాకు ఆరో క్లాసులో నువ్వే చెప్పావు, అట్ల పళ్ళెం పట్టుకుని మరీ. మామయ్య తాతయ్య నీకు అలాగే చెప్పాడని కూడా చెప్పావు." నా వైపు తిరిగింది. "నిజంగా మర్చిపోయావా?"

మర్చిపోయాను. మామయ్య వైపు మొహం పెట్టాలనిపించింది, పెట్టాను. మనిషి వైపు వీపు పెట్టి ఎవరు మాట్లాడతారు? అంచు ఉత్తరానికి తిప్పితే రింగు బాల్కనీకి అడ్డంగా నిలుస్తుంది, దండెం తీసెయ్యాలి, మెషీను దగ్గరికి వెళ్ళాలంటే దూకాలి. అందుకే అలా పెట్టాను.

అలా అని రాశాను. ఇప్పుడు చదివితే నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

"పరీక్షయ్యాక తిప్పుదాంలే," అన్నాను.

"పరీక్ష నాదా, నీదా?" అంది పిడుగు.

23వ తేదీ, సోమవారం

మామయ్య ఇవాళ మూడుసార్లు పిలవలేదు. ఒకసారే పిలిచాడు.

"మూడు వారాలైంది. నాకు అర్థమైంది. ఇరుకిల్లు, ఉద్యోగం, పిల్ల చదువు. ఇక చాలు మామయ్యా అనాలని దానికి ఉంది, అనలేకపోతోంది. దానికి కాదనడం చిన్నప్పట్నించీ రాదు. పదమూడేళ్ళ పిల్లను కూర్చోబెట్టి నేర్పాను. వద్దనలేక నేర్చుకుందేమో. ఎప్పుడూ అడగలేదు, తెలుసుకోవడం ఇష్టంలేక. గురువారం డాక్టరు దగ్గరికి వెళ్తా. మర పెట్టించుకుంటా. అప్పుడు దానికి ఫోన్ చెయ్యడం తేలిక, మొహమాటం ఉండదు. ఆదివారం సెట్టు విప్పేస్తా. పట్టుకెళ్ళేవాడు దొరికాడు."

నా ప్రశ్న ఆయన దగ్గర కూడా ఉంది. ఇన్నేళ్ళూ.

చెయ్యి దానంతటదే కీ మీదికి వెళ్ళింది. తగిలించి ఉన్నది కర్టెన్ తీగ.

నేను నోరు మూసుకుంటే మామయ్యకు గొంతొస్తుంది. నేను ఆయన్ను వదిలేశాననుకుంటూ వెళ్తాడు, అంతే తేడా. తెరిస్తే, వెళ్ళడం మానేస్తాడేమో. ఇందులో పుణ్యం ఏదో ఎవరైనా చెప్తే బావుండు.

24వ తేదీ

దండెం తీసేశాను. రేపు తిప్పుతాను. ఇవాళ మామయ్య రాలేదు. మొదటిసారి.

25వ తేదీ, బుధవారం

ఐదుంబావుకే మెయిన్ దించాను. మా అమ్మాయి రింగు పక్కన స్కేలు కర్రతో నిలబడింది. ఆయన ఆఫీసు నుంచి తొందరగా వచ్చేసి, తడిబట్టల బకెట్టు చేత్తో పట్టుకుని వాకిట్లో ఉన్నారు, పెట్టడానికి చోటు లేక. రింగు అంచు ఉత్తరానికి. చూడ్డానికి మామయ్య నుంచి మొహం తిప్పుకున్నట్టే ఉంది.

ఐదున్నర. ఏమీ లేదు. ఐదు ముప్పై నాలుగు. ఏమీ లేదు.

"అమ్మా, నువ్వే పిలు," అంది పిల్ల.

ముప్పై మూడేళ్ళలో నేను ముందు పిలిచింది లేదు. మామయ్యే పిలిచేవాడు, నేను పలికేదాన్ని. పిలిచాను. ఆగాను. మళ్ళీ పిలిచాను. "ఇంకొంచెం కుడికి," అంటే పిల్ల కర్రను వెంట్రుకంత జరిపింది.

"ఎవరు?"

ఆ గీత సాగింది. బకెట్టు నేల మీద పెట్టిన చప్పుడైంది.

"చుక్క."

 ఆ తర్వాత, "నీ గీతలు పొట్టిగా పడుతున్నాయి. ఏడుస్తున్నావా?"

ముందే కాగితం మీద రాసుకున్నదంతా వదిలేశాను. కొట్టింది ఇంతే: "రేపు వెళ్ళు మామయ్యా. మర పెట్టించుకో. సెట్టు తీయకు. గొంతొచ్చినా ఐదున్నర నాదే. మొహమాటంతో కాదు."

చివరి మాట అబద్ధమో నిజమో తూచుకోలేదు. చెయ్యి కొట్టింది. చేతికి తెలిసే ఉంటుంది.

 తర్వాత ఒక్కో అక్షరం విడివిడిగా: "నీకెలా తెలుసు? ఎప్పట్నించి వింటున్నావు?"

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. మా అమ్మాయికి చుక్కలూ గీతలూ రావు. నా మొహం చూసి, "ఏమంటున్నాడు? అమ్మా, ఏమంటున్నాడు తాతయ్య?" అని కర్ర ఊపుతోంది.

"మొన్న సోమవారం నుంచి," అన్నాను. "రింగు మొన్నే కుదిరింది. పంపడం ఇవాళ కుదిరింది."

"సోమవారం ఒక్కటేనా?"

"ఒక్కటే."

"అయితే సరే." మళ్ళీ వెనక్కి వాలిన గీత. "అంతకుముందు కొంచెం వాగాను. వినకపోవడమే మంచిదయింది. మీ అత్తయ్య గురించి కూడా ఏదో అన్నాను."

"ఏమన్నావు?"

"తిట్టాను. ఇంకేమంటాను."

27వ తేదీ, శుక్రవారం

అత్తయ్య ఫోన్ చేసింది. "అమ్మాయ్, నిన్న పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని కూర్చున్నాడే మీ మామయ్య! ఎక్కడికీ అంటే చీటీ తీసి చేతిలో పెట్టాడు. నెల రోజుల్నించి సొరుగులో దాచాడట. చంపేద్దామనుకున్నా, మాట రాని మనిషితో ఏం పోట్లాడతాం? తిరిగి జవాబు చెప్పేదాకా ఆగుతా. కొలతలు తీశారు, ఇంకో పదిహేను రోజుల్లో పెడతారట. అసలేం బుద్ధి పుట్టిందో!"

"ఏమో అత్తయ్యా," అన్నాను.

నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు మాట్లాడాం. చూశాను.

28వ తేదీ, శనివారం

కిందింటావిడ పైకి వచ్చింది. బాల్కనీకి అడ్డంగా నిలబడ్డ రింగును, కుర్చీల మీద, తలుపుల మీద, ఫ్యాను రెక్కల మీద ఆరుతున్న మా బట్టలను చూసింది. "ఇది దేనికమ్మా?" అంటే ఈసారి మొత్తం చెప్పాను. చివరిదాకా వింది. "డాబా మీద దండెం ఉంది. బట్టలకి. తీగలకి కాదు," అని తాళం చెవి టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఐదున్నరకి మామయ్య మూడుసార్లు పిలిచాడు. డాక్టరు ముక్కు గురించి, ఆస్పత్రి కుర్చీల గురించి, అత్తయ్య పోట్లాట కోసం ఇప్పట్నించే చేస్తున్న సాధన గురించి అరగంట. పిల్లకు చదివి వినిపిస్తుంటే ఇద్దరం పడీ పడీ నవ్వాం. పాత మామయ్యే. ఒక్క గీత కూడా నెమ్మదించలేదు.

నేనున్నానని తెలుసు కదా.

ఐదో తేదీ నుంచి అన్నీ విన్నానని ఆయనకు చెప్పాలి. చెబితే సిగ్గుపడతాడు, ఆ తర్వాత ఒంటరిగా ఉన్నా కీ మీద అలా మాట్లాడడు. చెప్పకపోతే నా అబద్ధం మీద రోజూ అరగంట కూర్చుంటాం. ఆయన నిద్రపోతున్న మనిషిని పెదాలతో పిలిచాడని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకు తెలియదు. చెప్పడం ప్రేమో, దాచడం ప్రేమో. పొద్దున్న చెప్పేద్దామనుకున్నాను. సాయంత్రానికి వద్దనుకున్నాను. ఇప్పుడు మళ్ళీ చెప్పాలనిపిస్తోంది.

తేల్చుకోలేకపోతున్నాను.